పాండు బోరు నీళ్లు

మిర్యాలగూడ అవతల ఆ తండాల నల్లా నీళ్లు ఇంటింటికీ వస్తయి. ఏం లాభం? బ్లీచింగ్ వాసన కొడుతున్నయని బర్లకు పోస్తరు. తాగుడు మాత్రం పాండు బోరు నీళ్లే. ఇరవై రెండేండ్ల సంది పాండు ఒక్కల్ని కాదనలే. "కొబ్బరినీళ్లే అనుకో!" అని మురిసేటోడు.

గసొంటోడు ఇయ్యాల పొద్దుగాల మోటరు డబ్బాకు తాళమేసి ముంగట కూసున్నడు.

"ఏందన్నా, నీళ్లకు గూడ తాళమా? గింత పిసినారివి ఎప్పుడైనవ్?" బిందె సంకల పెట్టుకుని నవ్వుకుంట అడిగింది గౌరీబాయి. పక్కింటి లింగ్యా పెండ్లాం. ఎనుక ఇంకో నలుగురు ఆడోళ్లు.

ఏం చెప్పాలె? నాలుగు నెలల కింద పాండుకు మూత్రాశయంల గడ్డ తీసిండ్రు. తండాల మాత్రం రాళ్ల ఆపరేషన్ అని చెప్పుకున్నడు. ఉచ్చల నెత్తురు పడ్డదంటే నలుగురు ఏం సుఖరోగమో అనుకోరా? డాక్టరమ్మ పరీక్షకు పంపమన్న బోరు నీళ్ల రిపోర్టు నిన్న వచ్చింది. ఆర్సెనిక్ అనే విషం ఉన్నదట. శానా లేదు, హద్దుకు జర మీద.

"దీనితోనే వచ్చిందని చెప్పలేను, నువ్వు బీడీలు గూడ తాగినవ్. కానీ ఏండ్లకేండ్లు తాగితే కొంచెమైనా మంచిది కాదు" అన్నది డాక్టరమ్మ. కాగబెడితే పోదా అంటే, పోదన్నది. చూసిండ్రా, బర్లే నయం!

మోటరు ఖరాబైందంటే ఇయ్యాలకు ఒడుస్తది. మరి రేపు? పాండుకు సిగ్గుతోని చెవులు కాలినయ్. అయినా నోరు తెరిసిండు.

"నాది రాళ్ల ఆపరేషన్ కాదు చెల్లె, క్యాన్సర్. ఆర్నెల్లు ఉచ్చల నెత్తురు పడ్డది. నొప్పి లేదు గదా అని దాసిపెట్టిన. ఈ నీళ్లల్ల విషమున్నదట. తెల్వక మీ అందరికి నేనే పోసిన. ఇగ నల్లా నీళ్లే తాగుండ్రి."

ఒక్కొక్కలు ఖాళీ బిందెలతోని మర్లిపోయిండ్రు. గౌరీబాయి మాత్రం కదలలే. అందరు పోయినంక దగ్గరికొచ్చింది.

"అన్నా, మా ఆయనకు గూడ నెత్తురు పడుతుంది. మిరప తెంపుడు కాడి సంది. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

పాండు తువ్వాల భుజం మీదేసుకుని లేసిండు.

"లింగ్యాను తయారు గమ్మను. ఎనిమిది గంటల బస్సుకు దవాఖానకు పోదాం. ఆయన నోరు తెరువనక్కరలేదు, డాక్టరమ్మకు నేనే చెప్త."