వద్దప్పా అన్న మాట

మా అత్త తాయమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ పత్తి చేలో ఆమె నోరు తెరిస్తే పక్క సాలులో వాళ్ళు చేతులు ఆపి వినేవాళ్ళు. ఆలూరు దగ్గర బండమీదపల్లె మాది. డిగ్రీ మధ్యలో ఆపి ఆ ఇంటి కోడలిగా వచ్చిన నాకు మొదటి నుంచీ ఆ మాటంటే ఇష్టం. అందుకే నా ఫోనులో ఒక చిన్న ఛానెల్ పెట్టి ఆమె చెప్పేవన్నీ వీడియోలు తీసి పెట్టేదాన్ని. కొర్రలు ఎట్లా దంచాలి, అల్లుడితో ఎట్లా మెలగాలి, ఇట్లాంటివి. రెండు మూడు వందల మంది చూసేవాళ్ళు.

పోయిన కార్తీకంలో మా ఊరి కుళాయి నీళ్ళు వాసన రావడం మొదలైంది. పిల్లలకు వరసగా వాంతులు పట్టుకున్నాయి. మూడు సార్లు అర్జీ ఇచ్చినా ట్యాంకు ఎవరూ కడగలేదు. ఒక పొద్దున కుళాయి దగ్గర బిందె పెట్టుకుని అత్త మాట్లాడింది. నేను ఫోను పట్టుకున్నాను.

"ట్యాంకు కడిగి మూడేండ్లయింది. నీళ్ళల్లో పురుగులు తిరుగుతాండాయి. అడిగితే రేపు రా, ఎల్లుండి రా అంటాండారు. పంచాయతీ ఆఫీసు తాళం పగలగొడదామని కొందరంటాండారు. వద్దప్పా. తాళం మనదే, ఆఫీసూ మనదే. పోయి ఆడ కూసుందాం. ట్యాంకు కడిగేదాంకా లేసేది లేదు."

మూడు రోజుల్లో ఆ వీడియోను లక్ష మంది చూశారు. ఇద్దరం నోరు తెరుచుకుని ఆ అంకె వైపు చూస్తూ కూర్చున్నాం. అయిదో రోజు ఎవరో దాన్ని కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు. అందులో "ఆఫీసు తాళం పగలగొడదాం" దగ్గర ఆగి, నేరుగా "పోయి ఆడ కూసుందాం" వస్తుంది. మధ్యలో ఉన్న ముఖ్యమైన మాట లేదు.

ఆరో రోజు ఛానెల్ తెరిస్తే వీడియో లేదు. ప్రభుత్వ ఆదేశం మేరకు ఇది అందుబాటులో లేదని ఒక్క వాక్యం ఉంది. మర్నాటికి ఛానెల్ మొత్తం పోయింది. కొర్రలు దంచే వీడియోతో సహా. ఎవరు ఆదేశించారో, ఏ తప్పుకో ఎక్కడా రాయలేదు. ఆ సాయంత్రమే అత్త పేరున నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేయమని జనాన్ని రెచ్చగొట్టిందట. ఆదోనిలో పోలీసు ఆఫీసుకు రమ్మన్నారు.

ఇన్‌స్పెక్టరు కఠినుడేమీ కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి కత్తిరించిన ముక్కనే కంప్యూటర్లో చూపించి, ఈ గొంతు నీదేనా అని అడిగాడు. అత్త తనదేనని ఒప్పుకుంది. అయితే తన మాట పూర్తిగా లేదని చెప్పింది. పూర్తిది చూపించమన్నాడు. నా దగ్గర లేదు. ఫోనులో చోటు చాలక ఛానెల్లో పెట్టిన వీడియో పెట్టినట్టే చెరిపేసేదాన్ని. ఊళ్ళో అందరికీ నేను పంపింది లింకే. ఆ లింకు ఇప్పుడు తెరుచుకోదు. వచ్చే గురువారం ఏదైనా ఆధారం తీసుకుని రండని పంపించాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఆ సంగతి చిన్నగా వచ్చింది, గురువారం మళ్ళీ పిలిచారన్న మాటతో సహా.

మా ఆయన బాలరాజు నన్ను ఏమీ అనలేదు. అత్త కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె చేలో మాట్లాడటం మానేసింది. ఆడవాళ్ళు ఏదైనా అడిగితే తలూపి పత్తి తీస్తూ పోయేది. నన్ను చూసి ఒకామె తన ఫోను పైటలో దాచుకుని రెండు సాళ్ళు అవతలికి జరిగింది. నేను ఫోను పట్టుకోకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా అని నాలో నేను కుమిలిపోయాను.

గురువారం ఉత్త చేతులతో ఆదోనిలో బస్సు దిగాం. పోలీసు ఆఫీసు గేటు దగ్గర నలభై ఏళ్ళ ఆమె ఒకరు బరువైన సంచీ పట్టుకుని నిలబడి ఉంది. అత్తను చూడగానే గుర్తుపట్టి ఎదురొచ్చింది. పేరు వీణ అని, ఎమ్మిగనూరులో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తానని, పేపర్లో చదివి వచ్చానని చెప్పింది. మాకు ఆమె ఎవరో తెలియదు. ఆమె మాత్రం మాకోసం పొద్దున తొమ్మిది గంటల నుంచి అక్కడే ఎండలో నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఆమె సంచీ విప్పింది. నలభై ఒక్క నోటుపుస్తకాలు. వీడియో పెట్టిన మూడో రోజు ఆమె దాన్ని దించుకుని తొమ్మిదో తరగతి పిల్లలకు తెర మీద చూపించిందట. ఆగి ఆగి వినిపిస్తూ ఒక్కొక్క మాటా రాయించిందట. అన్ని పుస్తకాల్లోనూ మా అత్త మాటలున్నాయి. కింద ఎర్ర సిరాతో సంతకం, తేదీ. ఒక పిల్ల "వద్దబ్బా" అని రాస్తే టీచరు కొట్టేసి పైన "వద్దప్పా" అని దిద్దింది.

ఇన్‌స్పెక్టరు ఏడెనిమిది పుస్తకాలు తిరగేశాడు. తర్వాత ఆమె పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు వీడియో మొత్తం చూశాడు. "తాళం మనదే" అన్నచోట ఆపి ఇంకోసారి విన్నాడు. ఆ పైన వీణ మేడంతో నెమ్మదిగా మాట్లాడాడు. మీరు ప్రభుత్వ ఉద్యోగి, వాంగ్మూలం తీసుకుంటే మీ పేరు పైదాకా పోతుంది, బాగా ఆలోచించుకోండి అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చినాను సార్, రాసుకోండి," అంది ఆమె.

ఈ వీడియోనే పిల్లలకు ఎందుకు చూపించారని ఆయన అడిగాడు.

"మా పిల్లలు మన మాట మాట్లాడేదానికి సిగ్గుపడతారు సార్. పరీక్షల్లో తప్పు పడుతుందని, టౌనులో నవ్వుతారని. ఈయమ్మ మాట ఎంత బాగుందో వినండని చూపించినాను. ఇట్లా సాక్ష్యానికి పనికొస్తుందని నేనేం అనుకోలేదు."

మా అత్త తల వంచుకుంది. ఆ ఆఫీసులో మొదటి రోజు కూడా ఏడవని మనిషి అప్పుడు పైటతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాతి సోమవారం మా ఊరి ఆడవాళ్ళు నలభై మంది పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. తాళం జోలికి ఎవరూ పోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ట్యాంకు కడిగారు. సంక్రాంతి దాటాక కేసు మూసేసినట్టు కాగితం వచ్చింది. ఛానెల్ మాత్రం తిరిగి రాలేదు. ఎందుకు ఆపారో చెప్పమని నేను ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే, కారణాలు బయటపెట్టడం కుదరదని రెండు వరుసల జవాబు పంపారు.

తరగతిలో అలాంటి వీడియో ఎందుకు చూపించారో సంజాయిషీ ఇవ్వమని వీణ మేడంకు పైనుంచి మెమో వచ్చిందని ఆలస్యంగా తెలిసింది. ఆమె మాకు చెప్పలేదు. కేసు సంగతి చెప్దామని నేను ఫోను చేస్తే ఆమె భర్త సుధాకర్ ఎత్తి మాటల మధ్యలో ఆ సంగతి చెప్పాడు. అత్త ఆ రోజు కూలికి పోలేదు. జొన్నరొట్టెలు కాల్చి, చెనక్కాయల పొడి దంచి, గుడ్డలో మూట కట్టింది. ఇద్దరం ఎమ్మిగనూరు పోయాం.

వీణ మేడం మమ్మల్ని తరగతికి తీసుకుపోయింది. పిల్లలు లేచి నిలబడ్డారు. అత్త తలుపు దగ్గరే ఆగిపోయింది. స్కూలు గదిలోకి ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. ముందు బెంచీలో పిల్ల ఒకతె, అవ్వా, నీకు భయం కాలేదా అని అడిగింది. చాలా భయమైందమ్మా అని అత్త చెప్పింది. ఆ తర్వాత అరగంట సేపు నీళ్ళ గురించి, పోలీసు ఆఫీసు గురించి, పత్తి గురించి చెప్తూనే ఉంది. ఒకచోట తరగతి మొత్తం ఘొల్లున నవ్వింది. కార్తీకం నుంచి నేను వినని అత్త గొంతు అది.

బయటికి వచ్చాక అత్త మెమో సంగతి ఎత్తింది. తెలుగు పాఠం చెప్పానని జవాబు రాశానని, ఏమైతే అదవుతుందని మేడం నవ్వింది. అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మేం నీకేమయితామని వచ్చినావు తల్లీ. నేను మాట్లాడింది తప్పేమో అని నాకే అనుమానం వచ్చింది. మన పిల్లోల్ల చేతుల్తో దాన్ని రాయిచ్చినావు. నేను చదవలేను గానీ, ఆడ నా మాట ఉందని తెలుసు. అది చాలు నాకు."

మేడం మూట తీసుకుని అక్కడే వరండాలో విప్పి ఒక రొట్టె తుంచింది. మమ్మల్నీ కూర్చోమంది. గంట కొట్టేదాకా ముగ్గురం తింటూ కూర్చున్నాం.