ఎడమ బొటనవేలి నునుపు

"ఇంట్లో నలుగురం ఉన్నాం, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, మరి డబ్బాలో ప్లాస్టర్లన్నీ ఏమైపోయినట్టు?" అని నేను అడుగుతున్నాను. అత్తయ్య పెరటి చప్టా మీద నాకు వీపు పెట్టి కూర్చుని, కుంకుడురసంలో పాత కంప్యూటర్ కీబోర్డు మీటలు కడుగుతున్నారు, నా మాట చెవిన పడనట్టే చిల్లుల గిన్నెను పైకెత్తి, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, మళ్ళీ ముంచుతున్నారు. ఆ చిల్లుల గిన్నె నాది, ఆకుకూరలు కడగడానికి కొనుక్కున్నది. దాని సంగతి తర్వాత, ముందు ప్లాస్టర్ల సంగతి తేలాలి.

"మైత్రికి కొత్త చెప్పులు కరిచాయేమో, అడుగు" అంటారు అత్తయ్య, తిరిగి చూడకుండానే.

"మీ మనవరాలి కాళ్ళు చూశాను. కరవలేదు."

"అయితే మీ ఆయన గడ్డం గీసుకుంటూ తెంపుకున్నాడేమో."

"ఆయన గడ్డానికి డబ్బా మొత్తం పట్టదు అత్తయ్యా."

ఆవిడ భుజాలు కదులుతాయి, నవ్వుతున్నారని తెలుస్తుంది. ఆవిడ పోయారనీ, మొదటి వానలప్పుడు మధ్యాహ్నం కునుకు తీస్తూ నిద్రలోనే పోయారనీ నాకు తెలుసు, తెలిసినా ఈ తగువు మధ్యలోకి తేవలసిన విషయంలా అది తోచదు. పోయినంత మాత్రాన ప్లాస్టర్లు ఏమయ్యాయో చెప్పనక్కర్లేదా.

చప్టా మెల్లగా పెద్దదవుతోంది. పంపు ఉండాల్సిన చోట పిట్టగోడ వచ్చింది, ఇప్పుడు మేం డాబా మీదున్నాం, నా పాత నేతచీర పరిచి ఉంది, దాని మీద మీటలన్నీ వడియాల్లా వరసలు తీరి ఎండుతున్నాయి, ఒక కాకి పిట్టగోడ మీంచి మెడ వంచి ఏ అక్షరం ఎత్తుకుపోదామా అని చూస్తోంది. అత్తయ్య గబగబా చీర కొంగు పట్టుకుని మొత్తాన్ని నీడలోకి లాగుతారు.

"ఎండలో పెట్టావా? పసుపెక్కిపోతాయే. ఎన్నిసార్లు చెప్పాను, నీడలో, గాలికి."

నేను పెట్టలేదని అనబోతాను, కానీ నా చేతుల నిండా కుంకుడు నురగ ఉంది, ఏమో, నేనే పెట్టానేమో. కాకిని అదిలిస్తాను. అది ఎగరదు, కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది, ఈ ఇంట్లో అత్తయ్య పని జరుగుతున్నప్పుడు అందరం అలాగే కాస్త పక్కకి జరిగి కూర్చునేవాళ్ళం.

మా అత్తయ్య పేరు రత్నమాణిక్యం. హార్బరు దగ్గర ఒక పెద్ద ఆఫీసులో, కంప్యూటర్లు బీరువాలంత ఉన్నప్పటి నుంచి, అంకెలు ఎక్కించే ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక ఆవిడ ఈడు వాళ్ళు యాత్రలకు వెళితే, ఆవిడ కంచరపాలెంలో పాత ఇనుము దుకాణాలకు వెళ్ళి, లోపల ఉక్కు రేకు ఉన్న పాతకాలం కీబోర్డులు, ఒక్కొక్కటి సన్నికల్లంత బరువున్నవి, సంచిలో మోసుకొచ్చేవారు. సైకిలు చువ్వ వంచి చేసుకున్న కొక్కెంతో ఒక్కొక్క మీటనే, కొబ్బరి బొండం మూతి తీసినంత నేర్పుగా, నొక్కు పడకుండా పైకి లాగేవారు. ఎవరో తిన్న బిస్కెట్ల పొడి, ఎవరిదో జుట్టు, ఏళ్ళనాటి దుమ్ము పాత పళ్ళ బ్రష్షుతో తీసేవారు, మా ఊరి ఉప్పుగాలికి తుప్పెక్కిన స్ప్రింగుల్ని తుడిచి, తారుమారు కాకుండా నా ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పెట్టుకునేవారు. మురికి మాత్రమే తీసేవారు, వాడకంతో వచ్చిన నునుపు జోలికి పోయేవారు కాదు. ఏ అక్షరం ఎంత అరిగిందో చూసి, ఇది ఉత్తరాలు కొట్టినవాళ్ళది, ఇది జీతాల సెక్షన్‌ది అని చెప్పేవారు. చివర్లో కళ్ళు మూసుకుని, సంతలో కుండ కొట్టి చూసుకున్నట్టు, ఒక్కొక్క మీటా నొక్కి చెవితో పరీక్ష చేసేవారు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చేదాకా చూసేదాన్ని.

"చూసింది చాలు, రా, బస్సు వెళ్ళిపోతుంది" అని అత్తయ్య ముందు నడుస్తారు, డాబా మెట్లు దిగితే వీధి రావాలి, ఆఫీసు హాలు వస్తుంది. ఎత్తయిన కప్పు, వరసగా బల్లలు, బల్లల మీద ఆకుపచ్చగా వెలుగుతున్న తెరలు, మనుషులెవరూ లేరు కానీ వందమంది కొడుతున్నట్టు చప్పుడు, రేకుల మీద పెద్ద వాన పడ్డప్పుడు వచ్చే చప్పుడు. నేల మీద సముద్రపు నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి, అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కిటికీ పక్క సీటుకు వెళ్ళి కూర్చుంటారు. ఆవిడకి ఇప్పుడు నా కంటే తక్కువ వయసు, జడ నల్లగా ఉంది, నేను అత్తయ్యా అని పిలవడానికి కాస్త మొహమాటపడతాను.

ఆ బల్ల మీద ఉన్న కీబోర్డు నాకు తెలుసు. మా ఇంట్లో అత్తయ్య గదిలో, విప్పదీసి, స్ప్రింగులు ఇడ్లీ రేకుల్లో, మీటలు చిల్లుల గిన్నెలో, అలా సగంలో మిగిలిపోయింది అదే. మొన్న ఉగాదికి ముందు పాత ఇనుము కొట్లో కనబడగానే, "ఇది నా సీటుదే" అని ఇంటికి తెచ్చుకున్నారు. గుర్తేమిటంటే స్పేస్‌బార్ మీద నునుపు. అందరికీ కుడి బొటనవేలి వైపు ఉండేది దీనికి ఎడమ వైపు ఉంది, ఆవిడ కుడిచెయ్యి ఎప్పుడూ అంకెల మీదే ఉండేది గనక. మిగతావి వారం తిరక్కుండా ముగించే మనిషి, దీన్ని మాత్రం ఉగాది వెళ్ళి వానలు వచ్చినా ముగించలేదు, చివరికి అలా వదిలేసి వెళ్ళిపోయారు.

హాలు చివర గుమ్మం దగ్గర ఒక గోనెసంచి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దాన్ని చూడగానే చెప్పాల్సింది గుర్తొస్తుంది.

"తెల్లారితే పాత సామాన్లతను వస్తాడు అత్తయ్యా" అంటాను. "మైత్రికి చదువుకోవడానికి గది కావాలి. అంతకంటే ముందు, మీ అబ్బాయి ఆ విప్పదీసినదాన్ని చూడలేకపోతున్నారు. గది ముందు నుంచి నడవడం కూడా మానేశారు, స్నానానికి పెరటి దారిన తిరిగి వెళుతున్నారు. పూర్తయినదైతే దాచుకునేవాణ్ణి, సగంలో ఉన్నదాన్ని ఏం చేసుకోను, అన్నీ పంపించేద్దాం అన్నారు. నేను సరే అన్నాను. బిగించడం నాకు రాదు. రాని పనిలో చెయ్యి పెట్టి పాడుచెయ్యడం నాకిష్టం లేదు, మీకు తెలుసుగా."

ఆవిడ కోప్పడరు. ఎడమ బొటనవేలు స్పేస్‌బార్ మీద ఆ నున్నటి చోటే ఆనిస్తారు, వందమంది చప్పుడు ఆగిపోతుంది, అదొక్కటే గడగడమంటుంది, ఎడ్లబండి కట్టు వదులైనట్టు.

"విన్నావుగా. కింద అడ్డంగా ఒక తీగ ఉంటుంది, దాని కొసలు కొక్కేల్లో కూర్చోవాలి, అరిగిపోయి వదులయ్యాయి. ఈ గడగడ ఒక్కటీ నాకు లొంగలేదు."

"మిగతావాటిలో లొంగిందిగా? ఒక్కటీ గడగడమనదు."

అత్తయ్య సిగ్గుపడుతున్నారు. పక్క బల్ల మీది కీబోర్డు ఒళ్ళోకి తీసుకుని, కొక్కెంతో స్పేస్‌బార్ పైకి లేపి, నా వైపు తిప్పుతారు. తీగ కొసలు ఆనే చోట, రెండు వైపులా, గోటి వెడల్పున కత్తిరించి అంటించిన ముక్కలు, ఒంటి రంగువి, సన్నని చిల్లులున్నవి. ఆ ముక్కల వెనక తీసేసే తెల్లకాగితాలు ఎక్కడి నుంచో రాలుతున్నాయి, హాలంతా, నీళ్ళ మీద తేలుతున్నాయి, రోజూ గది ఊడ్చేటప్పుడు బల్ల కింద అవి నాకు కనబడుతూనే ఉండేవి కదా అనుకుంటాను.

"ఇవే నీ ప్లాస్టర్లు" అంటారు.

నాకు నవ్వు రాదు. "అడిగితే పాకెట్లు తెచ్చి ఇచ్చేదాన్ని కదా అత్తయ్యా. ఎందుకు దాచారు?"

"అతుకు కదే. దేనిది దానికే ఉండాలి, బయటిది ఒక్కటీ చేరకూడదు అని అందరికీ చెప్పేదాన్ని. స్ప్రింగు పోతే అలాంటి పాతదాన్నే వెతికి తెచ్చేదాన్ని. పరాయివాళ్ళ వస్తువులకి ఇలా గుట్టుగా అంటించాను గానీ, నాదానికి చెయ్యి రాలేదు. అంటిస్తే అబద్ధం, మానితే గడగడ. అలా ఉండిపోయింది." స్పేస్‌బార్ తిరిగి దాని చోట నొక్కి, "నీకెలా చెప్పను? పప్పులో మెంతిగింజ ఒకటి ఎక్కువైతే కనిపెట్టేదానివి. నువ్వు గుమ్మంలో నిలబడి చూస్తుంటే నా పనికి పరీక్ష జరుగుతున్నట్టుండేది, వాసంతీ. నీ దగ్గర తప్పుతానేమోనని భయం" అంటారు.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నేనేమో ఇన్నాళ్ళూ ఆవిడ ముందు తప్పకూడదని నా వంటిల్లు అద్దంలా ఉంచుకున్నాను. ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను.

"మా అమ్మ పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి గంగాళానికి అడుగంచున ఒక పక్క మాటు ఉందత్తయ్యా. నేను కాపురానికి రాకముందే చిల్లి పడితే వేయించారు. అటువైపు కనబడకుండా గోడవైపు తిప్పి పెడతాను."

"తెలుసు. నువ్వు పురిటికి వెళ్ళినప్పుడు నేనే తోమాను."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వు గోడవైపు తిప్పి పెట్టుకున్నావుగా" అంటారు అత్తయ్య, అదేదో అందరికీ తెలిసిన మర్యాద అయినట్టు.

కిటికీలోంచి ఓడ ఒకటి వీధిలో బస్సు వెళ్ళినట్టు చాలా దగ్గరగా వెళుతుంది.

"ఆ మాటు పడ్డాక కారిందా?" అని అడుగుతారు.

"చుక్క కూడా కారలేదు. నీళ్ళు కాగితే ఆ గంగాళంలోనే కాగాలి."

"అబద్ధమనిపించిందా ఎప్పుడైనా?"

"గంగాళం గంగాళమే అత్తయ్యా."

ఆవిడ తల ఊపుతారు. కీబోర్డు నా చేతుల్లో పెడతారు, అది నిజంగానే సన్నికల్లంత బరువుంది. "అయితే దానికి నువ్వే వెయ్యి. నా చేత్తో అయితే దొంగతనం, నీ చేత్తో అయితే మాటు."

"నాకు రాదు."

"పోపులో ఆవాల చిటపట ఆగితే హాల్లో ఉండి తెలుసుకుంటావు. ఆ చెవి చాలు. ఏ మీట బాగాలేదో అదే చెబుతుంది." ఆవిడ లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని, నీళ్ళలో గుమ్మం వైపు నడుస్తారు, జడ నెరిసిపోతూ ఉంది, గోనెసంచి పక్కనుంచి దాన్ని తగలకుండా తప్పుకుని వెళుతూ, "చిల్లుల గిన్నె మాత్రం నీది నువ్వు తీసుకో" అంటారు, స్పేస్‌బార్ ఎవరూ ముట్టుకోకుండానే గడగడమంటుంది, మళ్ళీ అంటుంది, అంటూనే ఉంది.

కిటికీ రెక్క. గడియ పెట్టలేదు, సముద్రం మీంచి తెల్లవారుజాము గాలికి కొట్టుకుంటోంది. మావారు గోడవైపు తిరిగి నిద్రపోతున్నారు. లేచి గడియ పెట్టాను. అటు నుంచి అటే అత్తయ్య గదిలోకి వెళ్ళాను.

అలమరలో పైవరసలో అత్తయ్య బాగుచేసి పెట్టిన కీబోర్డు ఒకటి దించి, సైకిలు చువ్వ కొక్కెం స్పేస్‌బార్ కింద పెట్టి, ఆవిడ పట్టినట్టే పట్టి, మెల్లగా లేపాను. రెండు కొసల దగ్గరా గోటి వెడల్పు ముక్కలున్నాయి. అంచులు ఎంత తిన్నగా కత్తిరించారో, నేనైనా అంత తిన్నగా కత్తిరించలేను. వేలితో తడిమి, మీట మళ్ళీ దాని చోట నొక్కాను. టక్కున కూర్చుంది.

ఆదివారం గనక అందరం కలిసి టిఫినుకు కూర్చున్నాం. పెసరట్లు. పాత సామాన్లతను తొమ్మిదింటికి వస్తానన్నాడని మావారు పళ్ళెంలోకి చూస్తూ అన్నారు.

"పాత పేపర్లు ఇచ్చి పంపండి" అన్నాను. "గది మైత్రికే. అత్తయ్య బల్ల వంటింటి కిటికీ దగ్గరకి వస్తుంది. కీబోర్డులు ఎక్కడికీ పోవు. ఆ విప్పదీసినదాన్ని నేను బిగిస్తాను."

మైత్రి తినడం ఆపింది. "నీకు వచ్చా అమ్మా?"

"రాదు. అలమరలో ఉన్నవి విప్పి చూసుకుంటూ నేర్చుకుంటాను."

మావారు పళ్ళెంలో పెసరట్టు ముగించారు. తర్వాత, ఇడ్లీ రేకులు అక్కర్లేదా అని మాత్రం అడిగారు. అయ్యేదాకా ఇడ్లీలు ఉండవని చెప్పాను. ఆయన సరేనని, చెయ్యి కడుక్కోవడానికి లేచారు, పెరటి దారిన కాకుండా ఆ గది ముందు నుంచే వెళ్ళారు.

తిరిగొచ్చాక, "సాయంత్రం బయటికి వెళితే ప్లాస్టర్ల పాకెట్టు ఒకటి తెండి" అన్నాను.

ఆయన నా చేతులు రెండూ తిప్పి చూశారు. "ఎక్కడ తెగింది?"

"ఎక్కడా తెగలేదు" అన్నాను. "పెద్ద పాకెట్టు తెండి."