మాటకీ మాటకీ మధ్య

శుక్రవారం సాయంత్రంలోగా అయిపోవాల్సిన పనులు ఇవి. జర్మన్ పట్టికలో మిగిలిపోయిన మాటలు నర్సమ్మగారి చేత చదివించాలి. పష్తో వైపు చుట్టరికాల మాటలు శుభ్రం చేయాలి. రెండు భాషలనీ పక్కపక్కన పేర్చి మేడమ్‌కి పంపాలి. మైకు మీది స్పాంజి ఉతికి ఆరేయాలి. దర్జీ బాబాయ్ గొంతు దర్జీ బాబాయ్‌కి ఇవ్వాలి.

ఆఖరిది అన్నిటికన్నా తేలిక అనుకుంది చెవులమ్మాయి. ఇరవైనాలుగ్గంటలూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుందని ఆమెకి ఆ పేరు పెట్టింది దర్జీయే. అఫ్గాన్ల పష్తో ఆయన పుట్టు భాష. జర్మన్ నర్సమ్మగారిది. ఎక్కడెక్కడో ఉన్న ఈ రెండు భాషలూ ఒక తల్లి పిల్లలేననీ, కాపురాలు వేరయ్యాయనీ మాటా మాటా పోల్చి చూపించడం మేడమ్ చేపట్టిన పరిశోధన. ఆ మాటలు మైకులో పట్టి, కోసి, సర్దిపెట్టడం చెవులమ్మాయి ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషి ఆమె. అందుకే చెప్పిన పని చెప్పినట్టు చేసేది. ఎక్కడ తప్పు దొర్లితే "వీళ్లింట్లో చదువుకున్నవాళ్లెవరున్నారు గనక" అంటారోనని భయం.

సోమవారం దర్జీకి ఆపరేషన్. గొంతులో పుండు ముదిరింది. దానితోపాటు స్వరపేటిక కూడా తీసేస్తామన్నారు. ఆయన కూతురు సరిహద్దుకి అవతల ఉండిపోయింది. కాగితాలు కుదరక చిన్నప్పట్నించీ తండ్రిని చూడలేదు. ఫోను కలిసిన నాడు కలిసినట్టు, లేనినాడు లేనట్టు. ఆ పిల్లకి తండ్రంటే మొహం కాదు, గొంతు. ఆ గొంతు రికార్డు చేసి పెట్టిన చోటు ఈ గది ఒక్కటే.

మధ్యాహ్నం నర్సమ్మగారు ముందొచ్చారు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా, మనిషిని చూడగానే నాడి పట్టుకునే అలవాటు మానలేదు. దర్జీ గొంతు బాగోలేదని అందరికన్నా ముందు కనిపెట్టిందీ, డాక్టరు దగ్గరికి తరిమిందీ ఆవిడే. చెవులమ్మాయి పట్టిక ముందు పెట్టింది. నక్షత్రానికి దర్జీ స్తోరయ్ అంటే ఈవిడ ష్టెర్న్. పేరుకి ఆయన నూమ్, ఈవిడ నామె. మూడుకి ద్రే, ద్రై. ఇవి పక్కపక్కన పెడితే మేనత్త ముక్కూ మేనకోడలి ముక్కూ పోల్చినట్టే. కొన్ని మాత్రం పోలికే లేకుండా దూరమైపోయాయి. కూతురికి ఈవిడ టోఖ్టర్ అంటే ఆయన లూర్ అంటాడు. అవీ ఒక్క మాటేనని మేడమ్ చెప్పినప్పుడు చెవులమ్మాయి నమ్మలేదు.

"ఎంత దూరం పోయిందో చూడు పాపం" అన్నారు నర్సమ్మగారు.

దర్జీ మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. నోరు తెరిస్తే తడిసిన కాగితం చింపుతున్నట్టుంది.

"అక్కా, కోటు తెచ్చావా?"

"తెచ్చాను. జేబు చిరిగింది. మన భాషలు చుట్టాలంట కదా, కూలి తగ్గించు మరి."

"చుట్టాల దగ్గరే ఎక్కువ తీసుకోవాలి. బయటోళ్లు గొడవ పెట్టుకుంటారు."

"నిన్ను మాట్లాడద్దన్నారా లేదా డాక్టరు?"

"నువ్వు ఊరుకోనిస్తేగా."

జేబులోంచి ఒక చిన్న పెన్‌డ్రైవ్ తీశాడు. దాన్ని గుడ్డపీలికలో చుట్టి, పీలిక ఊడకుండా నాలుగు కుట్లు కూడా వేశాడు. "దీన్లో పడుతుందా, చెవులమ్మాయ్?"

"శుభ్రంగా పడుతుంది బాబాయ్." ఎక్కించి, ఆయన వినాలని మొదటి నుంచీ పెట్టింది. *స్తోరయ్.* కాస్త నిశ్శబ్దం. *నూమ్.* కాస్త నిశ్శబ్దం. *ద్రే.* నిండైన గొంతు, జబ్బుకి ముందుది. తన పనితనానికి ఆమెకే ముచ్చటేసింది. ఒక్క దగ్గు లేదు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు.

దర్జీ తల వంచుకుని విన్నాడు. కాసేపటికి తలెత్తాడు.

"మధ్యలోది ఏది?"

"మధ్యలోది ఏంటి బాబాయ్?"

"మాటకీ మాటకీ మధ్య నేను చెప్పింది. మాటలు మీకు. మధ్యలోది మా పిల్లకి."

చెవులమ్మాయి వినిపిస్తున్నది ఆపేసింది.

ఆ గదిలో ఒక పద్ధతుంది. పట్టికలో ఉన్న మాట ఒక్కటే ఉంచి, ముందూ వెనకా ఉన్నదంతా కోసేయాలి. దాన్ని వాళ్లు ఈకలు పీకడం అనేవాళ్లు. పీకిన ఈకలు దాచడానికి కంప్యూటర్లో చోటు లేదు. ఏ రోజువి ఆ రోజే తుడిచేయాలి. దర్జీ ప్రతి మాట తర్వాతా ఏదో చెప్పేవాడు. ఒక్కోసారి చాలాసేపు, నవ్వుతూ కూడా. ఆమెకి పట్టికలో మాటలన్నీ వచ్చు, పష్తో రాదు. ముసలాయన తనలో తాను గొణుక్కుంటున్నాడనుకుంది. ఈకలన్నిటిలోకీ ఆయనవే ఎక్కువని మేడమ్‌తో చెప్పి నవ్వింది కూడా.

మిషను పాడైందనొచ్చు. కరెంటు పోయిందనొచ్చు. ఆయన నమ్ముతాడు. ఆయన కళ్లలోకి చూసి ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"తీసేశాను బాబాయ్."

"తీసి ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదు. తుడిచేశాను. అన్నీ."

దర్జీ అర్థం కానట్టు ఆమె వేళ్ల వంక చూశాడు. "పీలికలు పారేస్తారా మీరు?" అన్నాడు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

నర్సమ్మగారు కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టారు. చెవులమ్మాయి కంప్యూటర్లో చెత్తబుట్ట వెతికింది, పాత డిస్కుల డబ్బాలు వెతికింది, మిషన్లు బాగుచేసే అతనికి ఫోను చేసింది. తుడిచిన చోట కొత్తవి ఎక్కించేశాక ఇంక రావన్నాడతను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్. ఎంతసేపైనా రికార్డు చేస్తాను. మేడమ్‌కి నేను చెప్పుకుంటాను."

ఆయన మైకు ముందుకి జరిగాడు. మఫ్లరు వదులు చేసుకుని రెండు మాటలు మొదలుపెట్టాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే దగ్గు తెర కమ్మింది. నర్సమ్మగారు మైకు పక్కకి తోసేశారు.

"ఇది నా గొంతు కాదమ్మా" అన్నాడు దర్జీ. "నాది మీ దగ్గరే ఉంది."

ఉన్నవి ఫైళ్లే కదా, వాటినే అతుకుదామని కూర్చుంది చెవులమ్మాయి. పట్టికలోంచి ఏరి వరసగా పేర్చింది. కూతురు. రా. కూర్చో. తిను. పడుకో. నక్షత్రం. ఒక్కో మాటా ఒక్కో రోజు పలికింది, అన్నీ ఒకే ఎత్తులో, ఒకే బరువుతో. వినిపించింది.

దర్జీ సగంలోనే నవ్వాడు. నవ్వు కూడా చప్పుడు లేకుండానే వచ్చింది. "ఇలా పిలిస్తే మా పిల్ల పోలీసులనుకుంటుంది."

నర్సమ్మగారు నవ్వబోయి కిటికీ వైపు తిరిగారు.

"ఆ మొదటి మాట ఇంకోసారి పెట్టు."

*లూర్.* బల్ల మీద గిన్నె పెట్టినట్టు పలికాడు ఆ మాటని. చెవులమ్మాయికి ఆ రోజు గుర్తొచ్చింది. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన గొంతు వణికింది. మాట శుభ్రంగా రాలేదు, మళ్లీ చెప్పమంది. మళ్లీ వణికింది. మంచినీళ్లిచ్చి మళ్లీ చెప్పించింది, అందులో కూతురన్నది ఏ మాత్రం మిగలకుండా పోయేదాకా. ఆ ఆఖరిదే ఉంచింది.

ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయనకీ గుర్తుంది. గుర్తున్నట్టు ఆయన మొహంలో తెలిసింది.

"ఇవి చాల్లే, ఇచ్చెయ్" అన్నాడు. పెన్‌డ్రైవ్‌ని మళ్లీ ఆ పీలికలోనే చుట్టుకున్నాడు. నర్సమ్మగారి కోటు చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, చెవులమ్మాయి కుర్తా భుజం దగ్గర ఊడిన కుట్టు చూపించి, తన దగ్గరికి పంపించమన్నట్టు చెయ్యి ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి చాలా రోజులు అనిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. దర్జీ బతికే ఉన్నాడు, కుట్టుమిషను ముందు కూర్చుంటున్నాడు. కొలతలు వేళ్లతో చెబుతాడు. ఫోను మోగితే తీసి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అవతల నుంచి పిల్ల మాట్లాడుతుంది. ఇవతల నుంచి ఆయన మైకు దగ్గర వేలి గోరుతో తడతాడు, వింటున్నానని. ఆ మాటల ఫైళ్లు కూతురికి పంపాడో లేదో చెవులమ్మాయి అడగలేకపోయింది.

మేడమ్ రాసింది అచ్చయింది, మంచి పేరొచ్చింది. పష్తో మాటలు పలికినది "ఒక పురుషుడు" అని చివర చిన్న అక్షరాల్లో ఉంది. అంతకుమించి రాయడం పద్ధతి కాదట.

అందుకే ఒక్క మనవి. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఈ రెండు భాషలూ అక్కచెల్లెళ్లని చదివినప్పుడు, నక్షత్రానికి అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకటే మాటని తెలిసి ముచ్చటపడినప్పుడు, ఆ మాట పలికి, దాని తర్వాత తన కూతురితో ఇంకేదో చెప్పిన దర్జీని ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. చెప్పాడని మాత్రం గుర్తుంచుకోండి.