మూడో బల్ల మీద పిల్ల

మా మనవరాలు చిన్నదానికి డాక్టరు కాగితం కావాలి. నెలాఖరులోగా అది రాకపోతే రెండు తరగతులు కిందికి దించేస్తామని బడివాళ్లు తేల్చి చెప్పారు. లెక్క సగంలో వదిలేస్తుంది, పుస్తకం ఎక్కడ పెట్టిందో మరిచిపోతుంది, నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకదు. దాని అన్నదీ ఇదే తంతు. వాణ్ణి మేం సుడిగాలి అంటాం. వాడు డాక్టరు గదిలో బీరువా ఎక్కి కూర్చున్నాడు. పది నిమిషాల్లో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదరని జబ్బు, అని రాసిచ్చేశారు.

చిన్నది కుర్చీలో కూర్చుంది. కాళ్లు కూడా ఊపలేదు.

"ఈ అమ్మాయికా? బంగారంలా కూర్చుందిగా!" అంది డాక్టరమ్మ. బడి నుంచి వచ్చిన ప్రశ్నల కాగితం తీసింది. పిల్లను వారం రోజులు గమనించి టీచరు నింపాల్సిన కాగితం అది. పరిగెడుతుందా, కొడుతుందా, బల్లలెక్కుతుందా? అన్నిటికీ లేదు, లేదు, లేదు.

"సున్నా వచ్చిందమ్మా. మీ మనవడికి ఇరవై రెండు."

"ఒకసారి ఇటివ్వండి" అన్నాను. నేను కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఏదీ వదలను. పైన తేదీలున్నాయి. అడుగున టీచరు రాత: 'ఆరు రోజులూ మూడో బల్ల మీద కదలకుండా కూర్చుంది. ఏ గొడవా లేదు.'

ఆ ఆరు రోజులూ చిన్నది జ్వరంతో నా మంచం మీదే ఉంది.

సంచిలోంచి మందుల చీటీ తీసి తేదీ చూపించాను. డాక్టరమ్మ అక్కడికక్కడే టీచరుకి ఫోను చేసింది.

"రాకపోవడమేంటండీ? రోజూ వచ్చింది, హాజరు కూడా పలికింది. నా కళ్లతో చూశాను" అంది టీచరు.

ఫోను పెట్టేసి, డాక్టరమ్మ మొదటిసారి పిల్లవైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. క్లాసులో ఏం చేస్తుంటావు?"

"నేను వేరేచోట ఉంటాను. కూర్చునేది అది."

"అదంటే?"

"కదలనిది." పక్కింటివాళ్ల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "మొదట్లో ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. ఇప్పుడు నేను వెళ్లకపోయినా అది వెళ్తోంది."

డాక్టరమ్మ అలాంటిదే కొత్త కాగితం నా చేతికిచ్చింది. "ఒక్క టిక్కు పడినా పూర్తి పరీక్షలు చేస్తాను. సున్నాతో మాత్రం నేనేం చేయలేనమ్మా."

తిన్నగా బడికెళ్లాం. మధ్యాహ్నం హాజరు నడుస్తోంది. చిన్నదాని మణికట్టు పట్టుకుని గుమ్మం బయటే ఆగాను. టీచరు తలెత్తకుండా పిలుస్తోంది.

"పదిహేడు."

"ప్రెజెంట్ మేడమ్."

అది చిన్నదాని గొంతే. వచ్చింది గదిలోంచి. నా పక్కనున్న చిన్నది పెదవులు బిగించుకుని ఉంది. మూడో బల్ల మీద మాకు వీపు పెట్టి రెండు జడల పిల్ల కూర్చుంది. పొద్దున నేను కట్టిన రిబ్బన్లే, నా వంకర ముడులే.

"పిలవకు అమ్మమ్మా. అది కదిలితే మేడమ్‌కి కోపమొస్తుంది."

"రానీవే. కోపానికి ఎవరూ చచ్చిపోరు. నువ్వు గట్టిగా కేకెయ్యి."

చిన్నది నా చేతిలోంచి మణికట్టు లాక్కుంది. "పదిహేడు నేను! నేనిక్కడున్నాను!" అని అరిచి, తలుపు మీద కాలితో ధనామని తన్నింది. పిల్లలు గొల్లున నవ్వారు.

టీచరు లేచింది. "ఏంటే ఆ గోల? ఆడపిల్లవి, సిగ్గు లేదూ? అసలు నువ్వు... ఇప్పుడే కదా లోపల..." అంటూ మూడో బల్లవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. పక్క పిల్ల మాత్రం ఇంకా ఎవరికో చోటిచ్చినట్టు ఓ మూలకి ఒదిగి కూర్చునుంది.

బల్ల మీద కాగితం పెట్టాను. "ఇప్పుడు చూసింది రాయండి మేడమ్."

ఆమె పెన్ను రెండుసార్లు జారింది. 'క్లాసులో అరుస్తుందా' అన్నదానికి ఎదురుగా టిక్కు పెట్టింది.

చిన్నది ఆ టిక్కువైపు చూడనే లేదు. వరండా పొడుగునా వెతుకుతోంది. "అమ్మమ్మా, అది ఎటు పోయింది?"