శ్రీలక్ష్మి పేరిట తామర తొట్టె

మా దీవిలోని డిగ్నాబాద్ కాలనీ సంఘం వారు నా భార్య శ్రీలక్ష్మి పేరిట, నేను పాఠాలు చెప్పే బడి వరండాలో తామర తొట్టె పెట్టారు. నల్లరాయిలా రంగు వేసిన ప్లాస్టిక్ తొట్టె. శ్రీలక్ష్మి కిందటి వానాకాలంలో డెంగీ జ్వరంతో చనిపోయింది. ఆమె జ్ఞాపకార్థం నీళ్లు నిలవుండే వస్తువే పెట్టాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందట.

బతికుండగా వాళ్లే ఆమెను 'డెంగీ దీదీ' అనేవారు. కొబ్బరిచిప్ప కనబడితే బోర్లించేది. నీళ్ల డ్రమ్ముకు మూత లేకపోతే ఆ ఇంటి తలుపు కొట్టేది.

"కుళాయి రావడమే గగనం. ఈయమ్మేమో మూతలెట్టమంటాది!" అని మా ఎదురింటి గవరమ్మ నవ్వేది.

చనిపోయాక అందరూ ఆమె సేవలను కొనియాడారు. చనిపోయినవారిని కొనియాడడం తేలిక. వాళ్లొచ్చి తలుపు కొట్టరు.

ప్రారంభోత్సవం రేపనగా తొట్టెలోకి తొంగిచూశాను. దోమ పిల్లపురుగులు గిలగిలా కదులుతున్నాయి. పక్కనే ఒకటో తరగతి గది. కిటికీలకు తెరలు లేవు. సంఘాధ్యక్షుడు లోకనాథం గారిని పిలిచి చూపించాను.

"దీనికే గాభరా ఏటి మాస్టారూ? వీటిని తినే చేపలు ఆర్డరెట్టాం. చెన్నై నుంచి షిప్పులో వస్తన్నాయి."

"ఎప్పుడొస్తుంది?"

"షిప్పు కదా. వచ్చినప్పుడొస్తాది."

చుట్టూ సముద్రం. ఆయన తాత శ్రీకాకుళం తీరం నుంచి వలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. చేపలు మాత్రం చెన్నై నుంచి రావాలి.

"అంతవరకు నీళ్లు ఒంపేస్తాను."

"అరే భయ్యా! దీదీ పేరున్న తొట్టె. ఓపెనింగ్ అవకుండానే ఒంపేత్తే అపచారం కాదా? మీకే బాధుండాలి."

బాధ ఉంది. అది ఉండాలని ఆయన చెప్పనక్కర్లేదు.

మర్నాడు ఒకటో తరగతి బేబీరాణి బడికి రాలేదు. జ్వరమట. ఏ జ్వరమో ఇంకా తెలియదు. శ్రీలక్ష్మికి కూడా మొదటిరోజు వట్టి జ్వరమే.

ప్రారంభోత్సవానికి పిలిచిన అతిథి రాకముందే పొగమందు మిషను వచ్చి పిల్లలందరినీ దగ్గించి వెళ్లింది. తర్వాత తొట్టెకు దండ వేశారు.

"శ్రీలక్ష్మి దీదీ చూపిన బాటలో మనమంతా నడవాలి!" అన్నారు లోకనాథం గారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలోని ఒకటో తరగతి వాళ్లు మధ్యమధ్య పిక్కల మీద కూడా కొట్టుకున్నారు.

నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను తొట్టె దగ్గరకు వెళ్లి దండ తీసి లోకనాథం గారి చేతికిచ్చాను. తొట్టె అంచు పట్టుకుని బోర్లించాను. నీళ్లు ఆయన కొత్త బూట్ల మీదుగా వాకిట్లోకి పారాయి.

"మాస్టారూ! దీదీ పేరు తలకిందులైపోనాది!"

"అలాగే ఉంచండి" అన్నాను. ఆమె చేతికి చిక్కినవన్నీ అలాగే ఉండేవి.

గుంపులోంచి గవరమ్మ గొంతు వినిపించింది. "డెంగీ దీదీ పోయిందనుకుంటే డెంగీ మాస్టారు తయారయ్యాడ్రా నాయనా!"

అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగాను.

"గవరమ్మా, మీ డ్రమ్ముకు మూత ఉందా? సాయంత్రం వచ్చి చూస్తాను."