వీపు మీద పేరు

జూడో చొక్కాలను ఎవరూ ఇస్త్రీ చెయ్యరని అత్తగారు జిసేల్ చెప్పినా మిరేయ్ వినలేదు. పెళ్లయి రెండు నెలలే. భర్త ఎమీల్‌ది ఏ బట్ట ముట్టుకున్నా ఆమెకి నవ్వొస్తోంది. బొంతలా మందంగా ఉన్న ఆ చొక్కా వీపు మీద ఇంటిపేరు కుట్టి ఉంది, గోతియే అని. ఇప్పుడు తనదీ అదే పేరని అందరూ అంటున్నారు.

మామగారు ఓమెర్‌కి కెనడాలోని సడ్‌బరీలో జూడో క్లబ్బు ఉంది. దాని పాత వెబ్‌సైట్‌లో క్లాసుల వేళలు వెతకలేక తల్లులు విసిగిపోయేవారు. మిరేయ్ దాన్ని మొత్తం మళ్లీ కట్టింది. ఫోన్‌లో తెరవగానే వేళలు కనిపించేలా పెట్టింది, మొదటిరోజు పిల్లల చెవిపోగులు ఎందుకు తీసి పంపాలో కూడా రాసింది. కొత్త పిల్లలు బిలబిలమంటూ చేరారు. "ఇంటి పనేగా తల్లీ," అన్నాడు ఓమెర్ మెచ్చుకోలుగా, గిన్నెలు కడిగినందుకు అన్నట్టే. ఊళ్లో మాత్రం మా ఎమీల్ చేశాడని చెప్పుకున్నాడు. ఎమీల్ కాదనలేదు. అడిగితే ఆమె మెడ మీద ముద్దు పెట్టి, నువ్వూ నేనూ వేరా అన్నాడు. ఆ మాటకి ఆమె కరిగిపోయింది. తీరా కరిగాక, ఇద్దరూ ఒకటే అయినప్పుడు పేరు అతనిదే ఎందుకు మిగిలిందో ఆమెకి అర్థం కాలేదు.

ఇవాళ కరాటే బడి నడిపే రెజాన్ భోజనానికొస్తున్నాడు, ఎమీల్ చేత తనకీ ఒక సైట్ చేయించుకోడానికి. చెప్పాలా, మింగేయాలా?

జిసేల్ కుట్టుపెట్టెతో వచ్చి పక్కన కూర్చుంది. క్లబ్బులో ప్రతి వీపు మీది పేరూ ఆమె కుట్టిందే. చాపలు తుడిచేదీ ఆమే. ఆమె పేరున్న చొక్కా మాత్రం ఒక్కటీ లేదు. ఒడిలోంచి కొత్త తెల్లచొక్కా తీసి మిరేయ్ ముందు పరిచింది. వీపు మీద లాఫ్రెనియేర్ అని ఉంది. మిరేయ్ పుట్టింటి పేరు.

"నాకు జూడో రాదుగా."

"నేర్చుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. ఎవరి పేరు వాళ్ల వీపు మీదుండాలి. నీ పని కూడా వాడే మోస్తే పాపం, నడుం పట్టేస్తుంది," అంది జిసేల్, పళ్లతో దారం తెంపుతూ.

మిరేయ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఒకరు చూస్తూనే ఉన్నారు. తను అడక్కుండానే చూశారు.

భోజనాల దగ్గర రెజాన్ ఎమీల్ వైపు తిరిగి ఎప్పుడు మొదలెడదామన్నాడు.

"ఎమీల్‌కి పాస్‌వర్డ్ కూడా నేనే గుర్తు చెయ్యాలి," అంది మిరేయ్. "ఆ సైట్ చేసింది నేను. మిరేయ్ లాఫ్రెనియేర్‌ని."

ఓమెర్ ఫోర్కు గాల్లో ఆగింది. ఎమీల్ చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే. నేనే ముందు చెప్పాల్సింది," అని అతను మాంసం కూరి కాల్చిన రొట్టెలో అన్నిటికన్నా పెద్ద ముక్క ఆమె పళ్లెంలో పెట్టాడు. ఆ ఒక్క ముక్కకే ఆమె మనసు గంతులేసింది.

రెజాన్ కుర్చీ ఆమె వైపు జరుపుకుని, తను గెలిచిన కప్పులవీ నల్లబెల్టులవీ ఫోటోలు బోలెడున్నాయన్నాడు. మిరేయ్ ఒకసారి అత్తగారి వైపు చూసింది.

"అవి తర్వాత. మీ బడిలో నేల తుడిచేదెవరు? ముందు ఆవిడ ఫోటో పంపండి, పేరుతో సహా."