ముసాయిదా

"పప్పు తర్వాత ఏరుకోవచ్చు గాని, ముందు దీనికి జవాబు ముసాయిదా రాసియ్యి," అంటూ విఠల్‌రావు నీలం రంగు కవరును తెచ్చి చాట మీద పెట్టాడు. ఏరిన కందిపప్పు ఒక వైపూ ఏరనిది మరో వైపూ ఉన్న చాట అది. కవరు పెట్టిన ఊపుకు రెండూ కలిసిపోయాయి. ఆయన చూడలేదు. భార్య అహల్య చూసింది, మళ్ళీ మొదటి నుంచి ఏరాలనుకుంది.

కవరు మీద సిలోన్ తపాలా బిళ్ళ ఉంది.

"ప్రహ్లాద్‌కు సీటిచ్చిన్రు! హెడ్‌మాస్టరు దొర సొంతంగ రాసిండు. పిల్లగాని ఉత్తరం మస్తు నచ్చిందట. దఫ్తర్ల అందరికి చూపించిన," అన్నాడు విఠల్‌రావు. ఆయన ముఖంలోని సంతోషం కల్లాకపటం లేనిది. అందుకే అహల్య ఆ ముఖం వైపు ఎక్కువసేపు చూడలేకపోయింది.

హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పద్ధతి ఏడేళ్ళుగా స్థిరపడి ఉంది. విఠల్‌రావు చదువంతా ఉర్దూలో సాగింది. ఆయన దస్తూరీని పెద్ద అధికారులు సైతం మెచ్చుకునేవారు. నలభై ఎనిమిదిలో రాజ్యం మారాక దఫ్తరులోకి ఇంగ్లీషు కాగితాలు రావడం మొదలైంది. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఆయన తన బల్ల ముందే నిరక్షరాస్యుడిలా కూర్చోవలసి వచ్చింది. అహల్య పెళ్ళికి ముందు ఇంగ్లీషు బడిలో సీనియర్ కేంబ్రిడ్జి దాకా చదివిన మనిషి. మొదట ఆయన ఒక మాటకు అర్థం అడిగాడు. ఆ తర్వాత ఒక వాక్యం అడిగాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఉత్తరాలన్నీ ఆమెవే అయ్యాయి. పొయ్యి పక్కన పిల్లల పలక మీద ఆమె ముసాయిదా రాసేది, ఆయన దాన్ని కాగితం మీదికి ఎక్కించి సంతకం చేసేవాడు. ఆ పైన పలకను తడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడిచే పని కూడా ఆమెదే.

ఆ ఉత్తరాల వల్ల ఆయన సూపరింటెండెంటు అయ్యాడు. ఇంటికి వచ్చిన స్నేహితులతో, "ఇంగ్లీష్ అంటె ఫికర్ ఎందుకు భాయ్? నన్ను జూడుండ్రి, ఎవని సాయం లేకుండ నేర్చుకున్న," అనేవాడు. అహల్య లోపలి నుంచి చాయ్ తెచ్చి వారి ముందు పెట్టేది. ఆ మాటకు ఆమెకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. జాలి వచ్చింది. పాపం, నలుగురిలో తలెత్తుకు తిరగనిద్దామనుకుంది. జరిగినదంతా ఆ జాలి నుంచే పుట్టిందని ఈ వేళ ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది. తన ముసాయిదాలు ఆయనకు పదవి తెచ్చాయి, ఆ పదవి ఇంగ్లీషు మీద గురి పెంచింది, ఆ గురి తొమ్మిదేళ్ళ కొడుకును సముద్రం దాటించి తెల్లవాళ్ళ బడిలో వెయ్యాలన్న పట్టుదలగా మారింది.

కొలంబోలోని ఆ బడి సంగతి మొదట రాసింది అక్కడే టీ కంపెనీలో పనిచేసే ఆయన అన్న జగన్నాథం. బడి వివరాల పుస్తకం కూడా ఆయనే పంపాడు. కేంబ్రిడ్జి పరీక్షల చదువు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేరువేరు వసతి గృహాలు, ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లలకు కూడా చోటు. అత్తగారు ఉయ్యాలబల్ల మీద నుంచే ఆ విషయం తేల్చేసింది. "హాస్టలెందుకురా? పెద్దోని ఇల్లుండనే ఉండె. పొద్దుగాల పోతడు, మాపటికి వస్తడు. కమల వండి పెడ్తది." కొలంబోలోని పెద్దకోడలు కమలను ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఆడపిల్లల గ్రంథాలయం బొమ్మ ఉన్న పుటను ప్రహ్లాద్ అక్క, పన్నెండేళ్ళ పద్మజ తదేకంగా చూస్తుంటే, "నీకెందుకే ఆ బొమ్మలు? ఎన్మిదో క్లాసు గాంగనె బడి బందు. రొట్టె గుండ్రంగ చేసుడు నేర్చుకో ముందు," అంది అత్తగారు. అహల్య ఆ పుస్తకం మూసి గూట్లో పెట్టింది.

బడివారు ఒక్కటే అడిగారు. చేరదలచిన విద్యార్థి తాను నివసించే వీధిని గురించి స్వయంగా ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి పంపాలి. ప్రహ్లాద్ మూడు రోజులు కూర్చున్నాడు. మా వీధి మంచిది, మా వీధిలో బర్రెలు ఉన్నవి అని రాసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గడువు ముంచుకొచ్చింది. దఫ్తరు నుంచి రాగానే విఠల్‌రావు రోజూ అదే మాట, "అయ్యిందా? ఇంక గాలేదా? ఏం జేస్తున్నవు ఇంట్ల కూసోని?" చివరికి ఒక మధ్యాహ్నం అహల్య కూతుర్ని పిలిచింది. "బిడ్డా, తమ్మునికి కొంచెం రాసి చూపియ్యి," అంది.

తానే రాసి ఇవ్వవచ్చు. కానీ పెద్దవాళ్ళ భాష పట్టుబడుతుందని భయపడింది. పిల్ల భాష కావలసి వచ్చింది, పిల్లను వాడుకుంది. ఆ లెక్క అంత చల్లగా వెయ్యగలిగినందుకు ఇప్పుడామెకు తన మీద తనకే రోత పుడుతోంది.

పద్మజ ఒక్క పూటలో రాసింది. పాలు పోసే కొమురమ్మ పురానాపూల్ వంతెన అవతల నుంచి బర్రెను నడిపించుకొస్తుంది, నీళ్ళు కలిపావంటారని వాకిట్లోనే పిండి చూపిస్తుంది. మొహర్రం రోజుల్లో వీధి మలుపున షర్బత్ పంచేవాళ్ళు ముందు ఆమెకు గ్లాసెడు ఇచ్చి, బర్రెకు బకెట్టెడు నీళ్ళు పెడతారు. బర్రె తాగేదాకా కొమురమ్మ తన గ్లాసు ఎత్తదు. అంతే. అహల్య చదివి, ఒక్క మాట కూడా దిద్దకుండా పలకను కొడుకు ముందుకు జరిపింది. ప్రహ్లాద్ నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం చూసి కాగితం మీద ఎక్కించాడు. అదయ్యాక పద్మజ లేచి వెళ్ళి, తడిగుడ్డ తెచ్చి, పలకను శుభ్రంగా తుడిచి గోడకు ఆనించింది. ఎవరూ చెప్పలేదు. చెప్పనవసరం లేకుండా ఏడేళ్ళుగా చూస్తూ నేర్చుకుంది.

ఆ పలక అహల్య కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

ఇప్పుడు హెడ్‌మాస్టరు రాసిన జవాబును ఆమె రెండుసార్లు చదివింది. బర్రె తాగేదాకా గ్లాసు ఎత్తని ఆ స్త్రీని గమనించిన విద్యార్థిని చూడాలని తనకు కుతూహలంగా ఉందనీ, వచ్చిన మొదటి వారంలో తన ఎదుట కూర్చుని ఇలాంటిదే మరొకటి రాయాలనీ ఉంది. వసతి గృహంలో ఉంటారా, ఇంటి నుంచి వస్తారా అన్నది జవాబులో తెలియజెయ్యాలని చివరి వాక్యం. కొత్త ఊళ్ళో, కొత్త చొక్కాతో, తెల్లదొర ఎదుట ఖాళీ కాగితం ముందేసుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆమెకు కనిపించాడు. వాడు ఈపాటికే ఒకసారి అడిగాడు, "అమ్మా, అక్క సుత నాతోని వస్తదా?" అని. ఆమె దాన్ని బెంగ అనుకుంది. అది ప్రమాదం తెలిసినవాడి ప్రశ్న.

పెరట్లో గిన్నెలు కడుగుతున్న పద్మజను పిలిచింది. "నీకు ఆ బడికి పోవాల్నని ఉన్నదా బిడ్డా? నిజం చెప్పు."

పద్మజ తడి చేతులు లంగాకు తుడుచుకుంది. ముఖం ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే ఎవరో పిలిచినట్టు మామూలైపోయింది. "నేను బోతే తమ్మునికి రాసిచ్చేదెవరమ్మా?" అంది.

అహల్య పలక తియ్యలేదు. ట్రంకుపెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి కాగితాల బొత్తి తీసింది. రాసింది. మీకు అందిన ఉత్తరం నా కుమారుడిది కాదు, నా కుమార్తె పద్మజది. మోసం పిల్లలది కాదు, వాళ్ళకు పలక ఇచ్చినది నేను. మా అబ్బాయి తనంతట తాను రాయగలిగిన నాడు తన మాటల్లోనే మీకు రాస్తాడు. ఈ నిజం విన్నాక కూడా మీకు అభ్యంతరం లేకపోతే, సీటు కోరుతున్నది పద్మజ కోసం. ఇక్కడ ఆమె కలం ఆగింది. ఇంటి నుంచి వచ్చిపోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. కొడుకు వెళితే కమల వండి పెడుతుంది. కూతురు వెళితే కమలకు చేదోడుగా ఉంటుంది, పొద్దుటి వంట ముగించి బడికి పరుగెత్తుతుంది. వసతి గృహం అని రాసింది. పన్నెండేళ్ళ పిల్లను వంటింటి నుంచి తప్పించడానికి సముద్రం అవతల పరాయివాళ్ళకు అప్పగిస్తున్న తల్లిని తాను. కొడుకు చేశాడని అందరూ నమ్మిన ఒకే ఒక్క గొప్ప పనిని వాడి చేతిలోంచి లాక్కుంటున్న తల్లి కూడా తానే. ఇద్దరికీ సీటు పోవచ్చు. ఏ వైపు నుంచి చూసినా ఆమె నిర్దోషి కాదు. అయినా రాయడం ఆపలేదు.

విఠల్‌రావు స్నానం చేసి వచ్చాడు. "పలకేది?"

"పలక మీద రాయలేదు," అంటూ కాగితం అందించింది.

ఆయన పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. "గిదేంది? పద్మజ పేరెందుకొచ్చింది?"

"రాసింది అది గనుక."

"దఫ్తర్ల అందరికి చెప్పుకున్న! అన్నకేం చెప్పాలె? నా ఇజ్జత్ ఏంగావాలె?" ఆయన గొంతు లేచింది. ఉయ్యాలబల్ల మీద నుంచి, "ఏం లొల్లిరా పొద్దుగూకంగ?" అంది అత్తగారు. తలుపు చాటున నిలబడ్డ ప్రహ్లాద్ మెల్లగా అడిగాడు, "అయితె నేను పోవుడు లేదా?" వాడి ముఖంలో సిగ్గూ, పెద్ద బరువు దిగిన తేలికా ఒకేసారి కనిపించాయి. అహల్య వాడిని దగ్గరికి తీసుకుంది. ఆ సిగ్గు కూడా తన ఖాతాలోదేనని ఆమెకు తెలుసు.

"నేనిది కాపీ చెయ్య," అన్నాడు విఠల్‌రావు.

"చెయ్యొద్దు. ఇది ముసాయిదా కాదు."

ఆమె చాట ఒళ్ళోకి తీసుకుని, కలిసిపోయిన పప్పును మళ్ళీ మొదటి నుంచి ఏరసాగింది. విఠల్‌రావు కాగితాన్ని చింపబోయి ఆగాడు. చింపినా ఆమె మళ్ళీ రాయగలదనీ, అది తన వల్ల కాదనీ అప్పుడే తోచినట్టుంది. ఏడేళ్ళ అలవాటు కొద్దీ ఆయన కళ్ళు కాగితం అడుగున, తాను సంతకం చెయ్యవలసిన చోటును వెతుక్కున్నాయి. అక్కడ, రాసిన మనిషి పేరు అప్పటికే ఉంది.